ఒగోనీని ముంచిన నల్లపోటు

బోడో ఊరిని ఆనుకుని ఉన్న ఉప్పుటేరులో రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు. ఊరి బతుకంతా ఆ రాకపోకల మీదే నడిచేది. పోటునీటితో పాటు చేపలు మడచెట్ల వేళ్ల మధ్యకు వచ్చేవి. మగవాళ్లు దోనెల్లో వలలు వేసుకుని ఎదురెళ్లేవాళ్లు. నీరు తీయగానే ఆడవాళ్లు బుట్టలు పట్టుకుని బురదలోకి దిగేవాళ్లు. నత్తలు, పీతలు, వేళ్లకు అంటుకుని పెరిగే ఆల్చిప్పలు ఏరుకునేవాళ్లు. ఆ పూట కూర, మర్నాడు సంతలో నాలుగు డబ్బులు, పిల్లల బడి ఖర్చు, అన్నీ ఆ బురదలోంచే వచ్చేవి. పెట్టుబడి లేని పంట అది. విత్తనం సముద్రమే తెచ్చేది, కాపలా అడవే కాసేది.

నైజీరియా దక్షిణపు కొసన, నైజర్ డెల్టా తూర్పు అంచున ఉన్న ఒగోనీ సీమలోది ఈ ఊరు. ఆ సీమ మొత్తం కలిపితే వెయ్యి చదరపు కిలోమీటర్లు. 2006 జనాభా లెక్కల్లో అక్కడ ఉన్నవాళ్లు సుమారు 8,32,000 మంది. ఏరు ఉన్నచోట చేపలు పట్టేవాళ్లు, మెరక ఉన్నచోట పెండలం, కర్రపెండలం, అరటి పండించేవాళ్లు. పెరళ్లలో ఆయిల్‌పామ్ చెట్లు ఉండేవి. ఇవాళ మన గోదావరి జిల్లాల్లో వరుసలు కట్టి నిలబడిన ఆయిల్‌పామ్‌కు పుట్టిల్లు ఆ పశ్చిమాఫ్రికా నేలే. పంతొమ్మిదో శతాబ్దంలో బ్రిటిష్ ఓడలు ఆ డెల్టా పాయల్లోకి వచ్చింది పామాయిల్ కోసమే. ఆ నూనె చెట్టు కాయలోంచి వచ్చేది, కాబట్టి ఎంత తీసుకెళ్లినా నేల నేలగానే మిగిలింది.

ఈ కథలో ముందు చచ్చిపోయింది మడ అడవి. అది ఎలా బతుకుతుందో తెలిస్తేనే ఎలా చచ్చిపోయిందో అర్థమవుతుంది. ఉప్పునీటి బురదలో గాలి ఉండదు. అందుకే మడచెట్టు తన వేళ్లను నేలలోనే దాచుకోదు. కొన్ని జాతులు ఊతవేళ్ల మీద, కాళ్లు చాపి నిలబడ్డట్టు నీటిపైకి లేచి ఉంటాయి. మరికొన్ని బురదలోంచి శ్వాసవేళ్లను నిటారుగా పైకి పంపుతాయి. ఆ వేళ్ల బెరడు మీద సన్నటి రంధ్రాలుంటాయి. నీరు తీసినప్పుడు చెట్టు ఊపిరి పీల్చుకునేది వాటితోనే. ఆ వేళ్ల సందుల్లోనే చేపపిల్లలు పెద్ద చేపల నోటికి చిక్కకుండా పెరుగుతాయి. సముద్రంలో పట్టే చేపల్లో ఎన్నో అక్కడ బాల్యం గడిపినవే. ముడిచమురు తేలుతూ వచ్చి ఆ వేళ్లకు పట్టుకుంటే, నిద్రపోతున్నవాడి ముక్కూ నోరూ తడిగుడ్డతో మూసేసినట్టే. చెట్టు ఒక్కరోజులో కూలిపోదు. ఆకులు పండుబారతాయి, రాలతాయి, కొమ్మలు ఎండుతాయి. అడుగున బురదలోకి ఇంకిన చమురు మాత్రం గాలి తగలక అలాగే ఉండిపోతుంది. ప్రతి పోటూ దాన్ని కొంచెం లేపుతుంది, ప్రతి ఆటూ దాన్ని ఇంకొంచెం దూరం తీసుకెళ్తుంది.

నైజీరియాలో వాణిజ్య స్థాయిలో చమురు మొదటిసారి పడింది 1956లో, ఒలోయిబిరి అనే ఊరి దగ్గర. రెండేళ్లు తిరిగేసరికి, 1958లో, షెల్-బీపీ కంపెనీ ఒగోనీలోని బోము దగ్గర చమురు కనిపెట్టింది. దేశానికి స్వాతంత్ర్యం అప్పటికింకా రాలేదు. 1960లో జెండా మారింది, పైపులు మారలేదు. పెండలం చేల మధ్యనుంచి, ఇళ్ల పెరళ్ల పక్కనుంచి, ఏటి ఒడ్డు వెంట పైపులు పరిచారు. చమురుతో పాటు పైకి వచ్చే గ్యాస్‌ను పట్టి వాడుకోవడం ఖర్చని బావుల దగ్గరే తగలబెట్టారు. ఆ మంటలు రాత్రీ పగలూ మండేవి. ఆ ఊళ్లలో ఏళ్ల తరబడి రాత్రి అనేది పూర్తిగా రాలేదు.

1970లో బోము బావుల్లో ఒకటి అదుపు తప్పి చిమ్మింది. వారాల పాటు చమురు పొలాల మీద పడింది. దాదాపు అదే కాలంలో, బియాఫ్రా అంతర్యుద్ధం రోజుల్లో, ఎజామా-ఎబూబూ దగ్గర పైపులోంచి చమురు కారి, నిప్పంటుకుని, నేల కాలిపోయింది. నలభై ఏళ్ల తరవాత ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తలు వెళ్లి తవ్వి చూస్తే ఆ చమురు ఇంకా ఆ మట్టిలోనే ఉంది. ఆ ఊరివాళ్లకు షెల్ కంపెనీ 45.7 బిలియన్ నైరాలు చెల్లించడానికి ఒప్పుకున్నది 2021లో. నడుమ గడిచిన కాలం అర్ధ శతాబ్దం. చమురు పడిన రోజు పొలంలో నిలబడినవాళ్లలో ఎందరు ఆ సొమ్ము చూశారు?

నేల ఒగోనీ రైతుదే, కానీ నేలకింద ఉన్నది అతనిది కాదు. 1969 పెట్రోలియం చట్టం చమురునంతా కేంద్ర ప్రభుత్వానికి రాసిచ్చింది. 1978 భూ వినియోగ చట్టం నేలను కూడా రాష్ట్ర గవర్నరు చేతిలో పెట్టింది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో రాజ్యాంగం ప్రకారం చమురు రాయల్టీలో సగం అది పుట్టిన ప్రాంతానికి వెళ్లేది. 1980ల మధ్యకు వచ్చేసరికి ఆ వాటా 1.5 శాతానికి దిగింది. ఏళ్ల తరబడి చమురు తోడిన సీమలో కరెంటు లేని ఊళ్లు, కుళాయి లేని ఊళ్లు, మందుల్లేని ఆసుపత్రులు. పైపు పగిలితే నష్టం లెక్కగట్టేది నిలబడి ఉన్న పంటకే. మళ్లీ ఇరవై ఏళ్ల దాకా పండని మట్టికి కాదు.

ఈ అన్యాయాన్ని మాటల్లో పెట్టినవాడు ఒక రచయిత. కెన్ సారో-వివా, 1941లో బోరీలో పుట్టాడు. పొట్టి మనిషి, నోట్లో ఎప్పుడూ పొగతాగే పైపు. ఇబాదాన్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు చదివాడు. అంతర్యుద్ధంలో చిక్కిన ఒక పల్లె కుర్రాడి కథను 'సోజాబాయ్' నవలగా రాశాడు. 1980ల చివర్లో దేశమంతా టీవీ ముందు కూర్చుని చూసిన 'బాసీ అండ్ కంపెనీ' హాస్య ధారావాహిక అతనిదే. వ్యాపారం చేశాడు, డబ్బు సంపాదించాడు, పిల్లల్ని ఇంగ్లండులో చదివించాడు. లాగోస్‌లోనో లండన్‌లోనో సుఖంగా ముసలివాడయ్యే దారి అతనికి తెరిచే ఉంది. ఆ దారి వదిలి యాభయ్యో ఏట సొంత ఊళ్ల బురదలోకి తిరిగొచ్చాడు. ఒక జాతి కోసం రచయిత చేయగలిగిన పనిలో దీనికంటే పెద్దది నాకు కనపడదు.

1990లో ఒగోనీ పెద్దలు కలిసి తమ హక్కుల పత్రం రాసుకున్నారు. ఆ ఏడే ఒగోనీ ప్రజల మనుగడ కోసం ఉద్యమ సంస్థ మోసోప్ పుట్టింది. వాళ్లు అడిగినవి అర్థం కానివేమీ కావు. మా నేలలోంచి వచ్చే సొమ్ములో న్యాయమైన వాటా ఇవ్వండి, పాడుచేసిన నేలను బాగుచేయండి, మా మాటకు విలువివ్వండి. 1993 జనవరి 4న ఊరూరా జనం పచ్చటి రెమ్మలు పట్టుకుని బయటికొచ్చారు. సుమారు మూడు లక్షల మంది. ఐదారు లక్షల జనాభా ఉన్న జాతిలో సగానికి సగం. ఒక్క రాయి కూడా ఎగరలేదు. ఒగోనీలు ఇప్పటికీ జనవరి 4ను తమ రోజుగా జరుపుకుంటారు.

ఆ ఏప్రిల్ 30న కొత్త పైపులైను పనికి కాపలాగా వచ్చిన సైనికులు, దున్నేసిన పంటల కోసం అడ్డుపడ్డ జనం మీద కాల్పులు జరిపారు. ఒక స్త్రీ చేయి పోగొట్టుకుంది. 1993లోనే షెల్ ఒగోనీ బావుల దగ్గర పని ఆపి వెళ్లిపోయింది. అక్కడితో కథ ముగిసి ఉండాల్సింది. బావులు మూతపడ్డాయి, తోడటం ఆగింది, ఇక నేల మెల్లగా కోలుకోవాలి. కానీ ఇతర చోట్ల తోడిన చమురును బోనీ రేవుకు చేర్చే పెద్ద పైపులైను, ట్రాన్స్-నైజర్, ఒగోనీ గుండానే వెళ్తుంది. అది ఆగలేదు. వదిలేసిన బావుల తలలు, తుప్పుపట్టిన గొట్టాలు విప్పకుండా అలాగే ఉండిపోయాయి. ఒగోనీ నేల ఒక్క బ్యారెల్ కూడా ఇవ్వని తరవాతి ముప్పై ఏళ్లలోనూ దాని మీద చమురు పడుతూనే వచ్చింది. నాకు ఈ గాథలో అన్నిటికంటే మింగుడుపడని సంగతి ఇదే.

ఆ తరవాత ఊళ్ల మీదికి సైన్యం వచ్చింది. ఇళ్లు తగలబడ్డాయి, మనుషులు మాయమయ్యారు. ఉద్యమంలోపల కూడా చీలిక వచ్చింది. నిదానంగా పోదామన్న పెద్దలు ఒకవైపు, కుర్రవాళ్లు ఒకవైపు. 1994 మే 21న గియోకూలో సమావేశమైన నలుగురు ఒగోనీ పెద్దల్ని ఒక మూక చంపేసింది. వాళ్లూ ఆ నేల బిడ్డలే, వాళ్ల ఇళ్లలోనూ అదే ఏడుపు. ఆ రోజు సారో-వివాను సైనికులు దారిలోనే ఆపి వెనక్కి పంపారు. అతను అక్కడ లేడు. అయినా హత్యకు ఉసిగొల్పాడని అతన్నీ మరికొందరినీ పట్టుకెళ్లారు. సానీ అబాచా సైనిక ప్రభుత్వం ప్రత్యేక ట్రిబ్యునల్ వేసింది. దాని తీర్పు మీద పైకోర్టుకు అప్పీలు లేదు. నిందితుల లాయర్లు ఇది న్యాయవిచారణ కాదని చెప్పి తప్పుకున్నారు. సాక్ష్యం చెప్పడానికి తమకు లంచం ఇచ్చారని ఇద్దరు సాక్షులు తరవాత ప్రమాణపత్రాల్లో రాసిచ్చారు. 1995 నవంబరు 10న పోర్ట్ హార్‌కోర్ట్ జైల్లో తొమ్మిది మందిని ఉరితీశారు. కెన్ సారో-వివా, బారినెమ్ కియోబెల్, జాన్ క్పుయినెన్, బారిబోర్ బేరా, సాటర్‌డే డోబీ, నోర్డు ఈవో, డేనియల్ గ్బోకూ, పాల్ లెవులా, ఫెలిక్స్ నువాటే. శవాలు ఇంటికి ఇవ్వలేదు. ఆ రోజుల్లోనే ఆక్లండులో సమావేశమై ఉన్న కామన్వెల్త్ దేశాలు మర్నాడే నైజీరియాను సస్పెండ్ చేశాయి. చమురు కొనడం మాత్రం ఎవరూ ఆపలేదు.

ఆ 1995 సంవత్సరం తెలుగువాళ్లకూ గుర్తుండాల్సిందే. ఆ జనవరి 8న కోనసీమలో, పాశర్లపూడి దగ్గర కొబ్బరితోటల మధ్య, ఓఎన్‌జీసీ బావి ఒకటి పేలి 65 రోజుల పాటు మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోనే నగరం అనే ఊళ్లో గెయిల్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. కోరింగ మడ అడవులు ఆ గోదావరి డెల్టా అంచునే ఉన్నాయి. డెల్టా నేల ఎక్కడైనా ఒకటే. మెత్తన, తడి, నదికీ సముద్రానికీ నడుమ ఎవరికీ పూర్తిగా దక్కనిది. దాని మీద కారినది ఒక్కచోట ఆగదు. ఒగోనీ మనకు దూరపు ఊరి వార్త కాదని చెప్పడానికే ఈ మాట. ఆ సంగతి అంతటితో వదిలి మళ్లీ బోడోకు వస్తాను.

2008 ఆగస్టు 28. ట్రాన్స్-నైజర్ పైపులైను 24 అంగుళాల గొట్టం. దశాబ్దాల వయసున్నది. బోడో దగ్గర దాని అతుకు ఒకటి విడింది. చమురు ఉప్పుటేరులోకి కారడం మొదలైంది. ఊరివాళ్లు చెప్పిన తేదీ అది. షెల్ కంపెనీ మాత్రం కారుడు మొదలైంది అక్టోబరు మొదట్లోనని అంది. పగులు మూసింది నవంబరు 7న. ఊరివాళ్ల లెక్కన అది పది వారాలు. మూసిన నెలకే, డిసెంబరు 7న, అదే గొట్టం మళ్లీ పగిలింది. ఈసారి మూసింది 2009 ఫిబ్రవరిలో. రెండున్నర నెలల పాటు ప్రతి పోటూ ముడిచమురును ఏటి పాయల్లోకి, కాలువల్లోకి, మడ వేళ్లలోకి, చేపల చెరువుల్లోకి తోసింది. దోనెలు నల్లబడ్డాయి, వలలు నల్లబడ్డాయి. ఆడవాళ్లు నత్తలేరే బురద మీద కాలుపెడితే పాదం అడుగున రంగురంగుల జిడ్డు తేలింది.

అంత పెద్ద కంపెనీకి ఒక గొట్టం మూయడానికి వారాలు ఎందుకు పట్టిందన్న ప్రశ్నకు బోడోలో ఎవరికీ తృప్తికరమైన జవాబు దొరకలేదు. మొదటి కారుడులో 1,640 బ్యారెళ్లు పోయాయని కంపెనీ లెక్క. ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ అడిగితే ఒక అమెరికన్ పైపులైన్ నిపుణ సంస్థ వీడియో చూసి లెక్కగట్టింది. రోజుకు 1,440 నుంచి 4,320 బ్యారెళ్ల దాకా కారి ఉంటుందని చెప్పింది. అంటే కంపెనీ మొత్తం వారాలకు చెప్పిన అంకె ఒక్క రోజుదో రెండు రోజులదో. తమ లెక్కలు తక్కువగా ఉన్నాయని షెల్ చివరికి లండన్ కోర్టు పత్రాల్లో 2014లో ఒప్పుకుంది.

2009 మేలో, కారుడు ఆగిన కొన్ని నెలలకు, ఊరికి సాయం తెచ్చారు. 50 బస్తాల బియ్యం, 50 బస్తాల చిక్కుడు గింజలు, 50 బస్తాల గరి (కర్రపెండలం రవ్వ), 50 అట్టపెట్టెల చక్కెర, అన్నే పాలపొడి, టీ, టమాటా, 50 డబ్బాల వేరుశనగ నూనె. బోడోలో జనాభా అప్పటికి 69,000. ఊరివాళ్లు ముందు అవమానమని తిప్పి పంపేశారు. తరవాత ఆకలికి తీసుకున్నారు. రోజూ ఏటిలోంచి బుట్ట నింపుకొచ్చిన ఊరు అది. ఒకరికి పిడికెడు కూడా రాని బియ్యం కోసం వరసలో నిలబడింది. ఒగోనీ పతనం ఎంతదాకా వచ్చిందో ఆ వరసలోనే తెలిసింది.

బోడోవాళ్లు లండన్ కోర్టుకెక్కారు. 2015 జనవరిలో 55 మిలియన్ పౌండ్లకు రాజీ కుదిరింది. అందులో 35 మిలియన్లు 15,600 మందికి పంచారు. ఒక్కొక్కరికీ సుమారు 2,200 పౌండ్లు. చమురు కారుడు పరిహారాల్లో అది పెద్ద మొత్తమే. ఆ డబ్బుతో ఇళ్లు కట్టుకున్నవాళ్లున్నారు, కొట్లు పెట్టుకున్నవాళ్లున్నారు. అయితే వెయ్యి హెక్టార్ల మడ ఆ చమురుకు చచ్చిపోయిందని వాళ్ల లాయర్లు చెప్పారు. చేపలు పట్టేవాడికి చేప దొరకని ఏరు ఇచ్చి, చేతిలో డబ్బు పెట్టినంత మాత్రాన బతుకు తిరిగిరాదు.

కారుడంతా కంపెనీల తప్పేనని చెబితే అది పూర్తి నిజం కాదు. పైపులకు కన్నాలు పెట్టి చమురు దొంగిలించేవాళ్లున్నారు. దాన్ని మడల చాటున ఇనప డ్రమ్ముల్లో కాచి డీజిల్, కిరసనాయిలు తీసే దొంగ బట్టీలున్నాయి. వాటి వల్ల తగలబడ్డ అడవి ఉంది, ఆ మంటల్లో పోయిన కుర్రవాళ్లున్నారు. కంపెనీ చాలా కారుళ్లకు దొంగతనమే కారణమంటుంది. కానీ చేపలు పోయి, పొలం పోయి, చదివిన చదువుకు ఉద్యోగం లేని కుర్రవాడు డ్రమ్ము కింద మంట పెట్టే దాకా ఎలా వచ్చాడన్నది కూడా ఈ లెక్కలో భాగమే. బోడోలో 2008లో పగిలింది మాత్రం దొంగ కన్నం కాదు. పాత గొట్టం. ఆ రెండు కారుళ్లకూ బాధ్యత తనదేనని 2011లో కంపెనీ స్వయంగా ఒప్పుకుంది.

ఆ 2011 ఆగస్టు 4న ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం ఒగోనీ మీద తన నివేదిక ఇచ్చింది. పద్నాలుగు నెలల పని. రెండు వందలకు పైగా స్థలాలు చూశారు, నాలుగు వేలకు పైగా నమూనాలు తీశారు, ఐదు వేల వైద్య రికార్డులు చదివారు, ఊళ్లలో 23,000 మందితో మాట్లాడారు. ఒగోనీ కింద గట్టి బంకమట్టి పొర ఉందని, అది భూగర్భ జలాన్ని కాపాడుతుందని అంతకుముందు అందరూ అనుకునేవాళ్లు. అలాంటి ఎడతెగని పొర లేదని తేలింది. పైన పడిన చమురు ఇంకుతూ పోతుంది. చాలాచోట్ల ఐదు మీటర్ల లోతులో కూడా చమురు దొరికింది. నిసిసియోకెన్ ఒగాలేలో పెట్రోలియం ఉత్పత్తులు తీసుకెళ్లే ప్రభుత్వ సంస్థ గొట్టం దగ్గర నేలనీటి మీద ఎనిమిది సెంటీమీటర్ల మందాన నూనె తేలుతూ కనిపించింది. అక్కడి మనుషులు తాగుతున్న బావిలో బెంజీన్, క్యాన్సర్ తెచ్చే రసాయనం, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు కంటే 900 రెట్లు పైన. పిల్లలకు పట్టించిన నీళ్లు అవి. ఆ ఊళ్లవాళ్లు నీళ్లు వాసన వస్తున్నాయని ఎన్నో ఏళ్లుగా చెబుతూనే ఉన్నారు. వాళ్ల ముక్కుకు తెలిసిన సంగతిని నమ్మడానికి ప్రపంచానికి ప్రయోగశాల కావలసివచ్చింది.

మడల్లో ఏం చూశారో కూడా ఆ నివేదికలో ఉంది. చెట్ల వేళ్ల మీద తారులాంటి పొర, కొన్నిచోట్ల సెంటీమీటరు మందానికి మించి. శుభ్రం చేశామని కంపెనీ రికార్డుల్లో ముగించిన 15 స్థలాలను మళ్లీ పరీక్షిస్తే 10 చోట్ల కంపెనీ సొంత హద్దులకు మించి విషం ఉంది. శుభ్రం చేయడమంటే ఏం చేశారు? పైమట్టిని తిరగదున్ని, ఎరువు చల్లి, గాలికీ ఎండకూ వదిలేశారు. లోతుకు దిగిన చమురుకు ఆ పద్ధతి అందదు. కారుళ్లను పరిశీలించాల్సిన ప్రభుత్వ సంస్థకు సొంత పడవలు, వాహనాలు చాలవు. కారుడు చూడటానికి వెళ్లాలంటే చమురు కంపెనీ వాహనం ఎక్కాలి. నేరం దర్యాప్తు చేసేవాడు నిందితుడి బండిలోనే వెళ్లి రావాలన్నమాట. దీన్ని బాగుచేయకుండా ఏ చట్టం రాసినా కాగితమే.

నేలను, నీటిని మళ్లీ మామూలు చేయడానికి 25 నుంచి 30 ఏళ్లు పడుతుందని శాస్త్రవేత్తలు చెప్పారు. మొదటి ఐదేళ్లకే వంద కోట్ల డాలర్లు కావాలన్నారు. తాగునీటి ఏర్పాటు వెంటనే, అత్యవసరంగా చేయాలన్నారు. శుభ్రత పనికి ప్రారంభోత్సవం జరిగింది 2016 జూన్‌లో, బోడోలోనే. మొదటి కాంట్రాక్టర్లకు స్థలాలు అప్పగించింది 2019లో. అత్యవసరం అన్న మాటకూ మొదటి పారకూ నడుమ ఎనిమిదేళ్లు. ఆ ఏడే ఇద్దరు ఆర్థిక పరిశోధకులు నైజీరియా మొత్తం మీద చేసిన అధ్యయనం వెలువడింది. తల్లి గర్భం దాల్చక ముందు ఇంటికి పది కిలోమీటర్ల లోపల చమురు కారి ఉంటే, పుట్టిన ప్రతి వెయ్యి మంది పిల్లల్లో అదనంగా 38 మంది మొదటి నెలలోనే చనిపోతున్నారని తేల్చారు. కడుపులో పడకముందే కారిన చమురు ఆ పసిగుడ్డు ప్రాణం తీస్తోంది.

కోర్టుల్లో కొన్ని గెలుపులు వచ్చాయి. ఒగోనీలోనే ఉన్న గోయి అనే పల్లె 2004 కారుడు, ఆ తరవాతి మంట వల్ల ఖాళీ అయిపోయింది. అక్కడి రైతు, ఒరుమాతో సహా మరో రెండు ఊళ్ల రైతులు కలిసి 2008లో నెదర్లాండ్స్‌లో కేసు వేశారు. 2021 జనవరిలో ద హేగ్ అప్పీలు కోర్టు గోయి, ఒరుమా కారుళ్లకు షెల్ నైజీరియా బాధ్యురాలని తీర్పు చెప్పింది. తీర్పు వచ్చేసరికి కేసు వేసిన రైతుల్లో ఇద్దరు లేరు. వాళ్ల ఇళ్లవాళ్లు విన్నారు. 2022 చివర్లో కోటిన్నర యూరోల ఒప్పందం కుదిరింది. గోయికి మాత్రం మనుషులు తిరిగి వెళ్లలేదు.

2025 మార్చిలో షెల్ తన నైజీరియా మెట్టనేల చమురు వ్యాపారాన్నంతా రినైసాన్స్ అనే సమాఖ్యకు అమ్మేసింది. విలువ 240 కోట్ల డాలర్ల దాకా. ఎనభై ఏళ్లకు పైగా ఉన్న చోటునుంచి పత్రాల మీద సంతకం పెట్టి వెళ్లిపోయింది. ఇకమీదట కొత్త సముద్రగర్భ బావుల్లోనూ గ్యాస్‌లోనూ పెట్టుబడి పెడతామన్నారు. పాత గొట్టాలు, పాత మరకలు, పాత కేసులు ఎవరివన్న తగవు నడుస్తూనే ఉంది. బోడోలో కొన్నేళ్లుగా మట్టి కడిగి, మడమొక్కలు నాటుతున్నారు. కొన్ని పట్టుకున్నాయి, చిగురు వేశాయి. ఆ పని చేస్తున్న చేతులకు దణ్ణం పెట్టాలి. కానీ అడవి కూలిన చోట్ల చాలావాటిని ఇప్పటికే నిపా తాటి ఆక్రమించింది. ఆసియా నుంచి తెచ్చి నాటిన మొక్క అది. మడలాగా చేపపిల్లకు నీడ ఇవ్వదు.

2025 జూన్ 12న అధ్యక్షుడు బోలా టినుబు ఆ తొమ్మిది మందికీ మరణానంతరం క్షమాభిక్ష ప్రకటించాడు, బిరుదులు ఇచ్చాడు. క్షమాభిక్ష నేరం చేసినవాడికి ఇస్తారు. ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ ఇది చాలదని చెప్పింది. ఆ కుటుంబాలు కోరుతున్నది వాళ్లు నేరమే చేయలేదన్న ప్రకటన. ఆ ఏడు మొదట్లోనే అదే ప్రభుత్వం ఒగోనీ పెద్దలను పిలిచి, 1993లో ఆగిన చమురు తవ్వకం మళ్లీ మొదలుపెట్టే సంగతి మాట్లాడటం ప్రారంభించింది.

ఆ తొమ్మిది మంది మీద 1995లో రాసిన తీర్పును రద్దు చేయాలి. 2011లో అత్యవసరమని చెప్పిన మంచినీళ్లు ప్రతి ఊరికీ అందాలి. ఐక్యరాజ్యసమితి గుర్తించిన ప్రతి స్థలంలో లోతు మట్టిదాకా శుభ్రత పూర్తయి, దాన్ని కంపెనీతో సంబంధం లేనివాళ్లు పరీక్షించి చెప్పాలి. అప్పటిదాకా ఒగోనీ సీమలో ఒక్క బావి మూత కూడా తీయకూడదు.